నగరం ఎవరిని రమ్మంటుంది, ఎవరిని వుండనిస్తుంది?

సృజనశీలురను ఆకర్షించిన నగరమే బాగుపడుతుందన్న మాట నగరాభివృద్ధి గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ఇప్పుడు వినవస్తోంది. మాట వినసొంపుగానే వుంది. కళాకారులు, శాస్త్రజ్ఞులు, రచయితలు నగరానికి కావాలంటే కాదనేవారెవరు? అయితే ఆకర్షించటం వేరు, నిలుపుకోవటం వేరు. దీపం పురుగును ఆకర్షిస్తుంది. అంతమాత్రాన పురుగు బతుకు సుఖమని ఎవరూ అనరు.

ఈ వాదానికి అంతర్జాతీయ ప్రచారం తెచ్చినవాడు అమెరికా ఆచార్యుడు రిచర్డ్ ఫ్లోరిడా. 2002లో వెలువడిన గ్రంథంలో ఆయన ఒక 'సృజనాత్మక వర్గాన్ని' కనిపెట్టాడు. శాస్త్రజ్ఞుడు, కవి, చిత్రకారుడు, ఇంజనీరు, వకీలు, బ్యాంకు వ్యవహారాలు చూసే పెద్ద వుద్యోగి - వీళ్లంతా ఆయన లెక్కలో ఒకే వర్గం. సాంకేతికత, ప్రతిభ, భిన్న జీవనరీతుల పట్ల సహనం వున్న నగరానికి వీళ్లు వస్తారనీ, వీళ్ల వెంట సంపద వస్తుందనీ ఆయన సూత్రం. దేశదేశాల మేయర్లు ఈ సూత్రాన్ని కళ్లకద్దుకున్నారు. తీరా 2017లో అదే ఆచార్యుడు మరో గ్రంథం రాసి, ప్రతిభావంతులు పోగుపడిన నగరాలలోనే ఇళ్ల ధరలు, అసమానతలు తీవ్రంగా పెరిగాయని చెప్పవలసి వచ్చింది. మొదటి పుస్తకం చదివిన మేయర్లలో రెండోది ఎందరు చదివారో మరి!

వర్గమన్న మాటకు మనకు తెలిసిన అర్థం వేరు. అద్దెగదిలో కూర్చుని నాటకం రాసేవాడూ, ఆ గదివున్న స్థలాన్ని కొని అంతస్తులు లేపే కంపెనీకి సలహాదారుగా వుండేవాడూ ఒకే వర్గమెలా అవుతారు? ఒకడి అద్దె మరొకడి ఆదాయం. కాబట్టి ఈ చర్చను అమెరికా నుంచి దించి మన నేల మీద పెట్టి చూడటం మంచిది. అందుకు నేను ఎంచుకున్నది హైదరాబాదుకు తూర్పున వున్న ఉప్పల్, నాచారం. నలభయ్యేళ్లుగా ఈ ప్రాంతంలో వుంటున్నానన్నది ఒక కారణం మాత్రమే. అసలు కారణం, నగరం సృజనశీలురను ఎలా రప్పిస్తుందో, ఎలా పోగొట్టుకుంటుందో రెండూ ఈ కొద్దిమైళ్ల మేర పక్కపక్కనే కనిపిస్తాయి.

తార్నాక నుంచి ఉప్పల్ దాకా వున్న రోడ్డును ఒకసారి తలుచుకోండి. ఒక వంక ఉస్మానియా విశ్వవిద్యాలయం. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. దాని తర్వాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. ఉప్పల్ దగ్గర సర్వే ఆఫ్ ఇండియా. హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం. అక్కడ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, పారిశ్రామికవాడ, ఎన్.టి. రామారావు కట్టించిన రామకృష్ణా స్టూడియో. ఉప్పల్ నుంచి నగరంలోకి వస్తే రామంతపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. ప్రయోగశాల, సినిమా, టెలివిజన్, విశ్వవిద్యాలయం, యంత్రాల షెడ్లు - సృజన అనే మాట కిందికి వచ్చేవన్నీ ఇంత దగ్గర దగ్గరగా వున్న ప్రాంతం తెలుగునాట మరొకటి వుందనుకోను. ఇవి వాటంతటవి ఇక్కడికి రాలేదు. వాతావరణం బాగుందని, కాఫీ హోటళ్లు బాగున్నాయని అసలే రాలేదు.

పరిశోధనాలయాల సంగతి చూద్దాం. ఇప్పుడు కెమికల్ టెక్నాలజీ సంస్థగా పిలుస్తున్నది 1944లో నిజాం రాజ్యంలో పారిశ్రామిక పరిశోధనాలయంగా మొదలై, 1956లో కేంద్ర ప్రభుత్వపు సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చింది. పోషకాహార పరిశోధన కూనూరులో వుండేది. 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చింది. ఎన్.జి.ఆర్.ఐ. 1961లో ఏర్పడింది. 1977లో, అప్పటి రీజనల్ రిసెర్చ్ లేబరేటరీలోని జీవరసాయన విభాగం నుంచి సి.సి.ఎం.బి. పుట్టింది. ఉప్పల్ రోడ్డులో దాని స్వంత భవనాలు 1987లో జాతికి అంకితమయ్యాయి. వీటన్నిటి వెనుకా వున్నది ప్రజాధనం, ప్రభుత్వ స్థలం, నెలనెలా జీతం. ఏ పెట్టుబడిదారూ ఫలితం తెలియని పని మీద ఇరవయ్యేళ్లు జీతాలిస్తూ కూచోడు. ప్రభుత్వం కూచుంది.

ఆ కూచోవటం వల్ల ఏమొచ్చిందో ఒక్క ఉదాహరణ చాలు. లాల్జీ సింగ్ అనే శాస్త్రజ్ఞుడు పాములలో ఆడ, మగ భేదం ఎలా ఏర్పడుతుందన్న విషయం మీద పనిచేసేవాడు. కట్లపాము జాతికి చెందిన ఒక పాము క్రోమోజోములలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక డి.ఎన్.ఎ. వరుస ఆయన దృష్టికి వచ్చింది. దీనితో ఎవరికేమి పని అని ఆనాడు అడిగివుంటే చెప్పటానికి ఏమీ లేదు. ఎడింబరోలో చాలాకాలం పనిచేసి, 1987లో ఆయన సి.సి.ఎం.బి.కి వచ్చాడు. ఆ పాము నుంచి దొరికిన వరుసే మనుషులను ఒకరి నుంచి మరొకరిని గుర్తుపట్టే డి.ఎన్.ఎ. పరీక్షకు పనిముట్టు అయింది. బిడ్డ తండ్రి ఎవరన్న వ్యాజ్యాలలో, హత్యకేసులలో మన న్యాయస్థానాల ముందుకు ఆ పరీక్ష వచ్చింది. దానికోసమే సి.డి.ఎఫ్.డి. అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ చిరునామా మొదట నాచారమే. తర్వాత నాంపల్లి గృహకల్పకు పోయి, ఇప్పుడు ఉప్పల్‌లో స్వంత ఆవరణలో వుంది. పాము మీద పరిశోధన కోర్టు మెట్లెక్కటానికి ఎన్నేళ్లు పట్టిందో లెక్కవేస్తే, అన్నేళ్లూ ఆ మనిషికి ఇంటి అద్దె ఎవరు కట్టారన్నది అసలు ప్రశ్న.

సి.సి.ఎం.బి.లో మరొక విశేషం వుంది. దాన్ని నిలబెట్టిన పుష్పమిత్ర భార్గవ కళలను ప్రయోగశాల గోడ బయట నిలబెట్టలేదు. ఖమ్మం జిల్లా మధిరలో పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ ఆ సంస్థలో ఆస్థాన చిత్రకారుడిగా వున్నాడు. 'ఆస్థాన' అన్న మాట రాజుల కాలానిది. మరో మాట దొరకక వాడుతున్నాను. సూక్ష్మదర్శిని చూసేవాళ్ల మధ్య కూర్చుని బొమ్మలు వేసుకునే వీలు ఒక చిత్రకారుడికి కల్పించటం మన దేశంలో అరుదు. సహనం గురించి ఫ్లోరిడా పుస్తకం రాకముందే ఉప్పల్ రోడ్డులో జరిగిన పని ఇది. భార్గవ 2015లో, దేశంలో అసహనం పెరుగుతున్నదని నిరసిస్తూ తన పద్మభూషణ్‌ను తిరిగి ఇచ్చివేశాడు. చిత్రకారుడికి చోటివ్వటం, బిరుదు వదులుకోవటం - ఈ రెండూ ఒకే స్వభావంలోనివి.

జీతం ఒక్కటే చాలదని చెప్పటానికి మన నగరంలోనే పాత నిదర్శనం వుంది. ఉర్దూలో చదువు చెప్పే విశ్వవిద్యాలయం పెట్టదలచి నిజాం ప్రభుత్వం 1917లో ఒక అనువాద విభాగాన్ని నెలకొల్పింది. దారుల్ తర్జుమా అని దానికి పేరు. పాఠ్యగ్రంథాలు తర్జుమా చేయటానికి ఉత్తరాది నుంచి పండితులను, కవులను జీతాలిచ్చి పిలిపించారు. అలా 1920లలో వచ్చినవాడే జోష్ మలీహాబాదీ. నగరం ప్రతిభను ఆకర్షించటమంటే ఇదే కదా! కానీ అదే జోష్, పాలకుడిని విమర్శిస్తూ కవిత చెప్పినందుకు రాజ్యం విడిచిపోవలసి వచ్చింది. జీతమిచ్చిన చెయ్యే గెంటివేసింది. మరో పక్క మెదక్ జిల్లా నుంచి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 1941లో ఆ వుద్యోగం ఆయనే వదిలేసి కార్మికోద్యమంలోకి వెళ్లాడు. మఖ్దూంను హైదరాబాదుకు కట్టివేసింది దివాణం కాదు. రైల్వే కార్మికులు, మిల్లు కార్మికులు. వాళ్లే ఆయన శ్రోతలు. కవికి జీతమూ నోరూ రెండూ కావాలి. వాటితోపాటు వినే జనమూ కావాలి. ఆ జనం ఏ చట్టంతోనూ వచ్చేది కాదు, కానీ జనాన్ని చెదరగొట్టే చట్టాలు మటుకు వుంటాయి. ఆ సంగతి తర్వాత.

ఇక సినిమా. తెలుగు సినిమా అయిదు దశాబ్దాల పాటు మద్రాసులో ఎందుకు వుందో మనం ఆలోచించటం మానేశాం. అక్కడ స్టూడియోలున్నాయి, లేబరేటరీలున్నాయి, రికార్డింగు థియేటర్లున్నాయి, పరికరాలు బాగుచేసేవారున్నారు. రచయిత, సంగీత దర్శకుడు, ఎడిటరు ఒకరింటికి మరొకరు నడిచిపోగలిగినంత దూరంలో వుండేవారు. ఒక సినిమా పోయినా మరో సినిమాలో పని దొరుకుతుందన్న ధీమా వుండేది. భాష తెలుగైనా బతుకుతెరువు మద్రాసులో వుంది గనుక మనుషులు మద్రాసులో వున్నారు. హైదరాబాదులో సారథీ స్టూడియో వెలిసి, 1959లో 'మా యింటి మహాలక్ష్మి' ఇక్కడ తయారైనా మిగతా పరిశ్రమ కదలలేదు. ఒక్క స్టూడియోను చూసి ఎవరూ మకాం మార్చరు. రాష్ట్రంలో తీసిన చిత్రాలకు ప్రభుత్వం రాయితీలిచ్చింది, చలనచిత్రాభివృద్ధి సంస్థను పెట్టింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణా స్టూడియో, రామారావు నాచారం స్టూడియో 1976 ప్రాంతంలో వచ్చాక గాని కదలిక మొదలుకాలేదు.

ఈ మధ్యలో ఒక చక్కని మినహాయింపు వుంది. సి. నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ' పాటలతో సినిమాలోకి వెళ్లాడు. పాటలు మద్రాసుకు రాసినా కాపురం మద్రాసుకు మార్చలేదు. ఉస్మానియాలో ఆచార్యపదవి వుండబట్టి ఆయన హైదరాబాదులో వుండగలిగాడు. ఒక విశ్వవిద్యాలయపు జీతం ఒక సినీకవిని నగరానికి నిలిపింది. అలాంటి ఆధారం లేని పాటల రచయితలు కోడంబాకం, టి.నగర్ వీధులలో అద్దె ఇళ్లు వెతుక్కున్నారు. ఇద్దరి మధ్యా తేడా ప్రతిభలో వుందని నేననుకోను.

నాచారం స్టూడియోలో తీసిన 'దానవీరశూరకర్ణ' 1977 సంక్రాంతికి విడుదలయింది. రామారావు దర్శకత్వం వహించి మూడు పాత్రలు వేసిన సంగతి అందరికీ తెలుసు. ఆ హస్తినాపురం ఎవరు కట్టారన్నది ఎందరికి తెలుసు? వడ్రంగులు, ప్లాస్టర్ పోతపోసేవారు, రంగులు వేసేవారు, దుస్తులు కుట్టేవారు, లైట్లు మోసేవారు. దుర్యోధనుడి సభలో ఒక్కొక్క స్తంభం ఒక్కొక్క పనివాడి ఊహ. కర్రచట్రం మీద గోనెగుడ్డ బిగించి, దానిమీద ప్లాస్టరు పూసి, రాయిలాగా రంగు వేసి, దూరం నుంచి చూస్తే శతాబ్దాల నాటి గోడ అనిపించేలా చేయటానికి ఎంత చూపు కావాలి! సృజనాత్మక వర్గపు జాబితాలో బ్యాంకు అధికారికి చోటుంది, ఈ పనివాడికి లేదు. ఈ ఒక్క కారణం చాలు ఆ జాబితాను పక్కన పెట్టటానికి.

అయినా నాచారం మరో కోడంబాకం కాలేదు. స్టూడియో వుంది, చుట్టూ సినిమా బస్తీ పెరగలేదు. నా అభిప్రాయంలో దీనికి కారణం స్పష్టమే. భూములు, సినిమా పెద్దల ఇళ్ల స్థలాలు, మిగతా స్టూడియోలు అన్నీ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు పోయాయి. పని ఎక్కడుంటే పనివాడు అక్కడ గది వెతుక్కుంటాడు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీలు అలా నిండాయి. సినీ కార్మికులకు స్వంత ఇళ్లు కావాలని నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి పూనుకోవటంతో ఏర్పడిన చిత్రపురి కాలనీ కూడా పడమరనే, మణికొండ దగ్గర. తూర్పున 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చింది. అది ఊరికి దూరంగా, తన ప్రహరీ లోపల తాను వుండే నగరం. సాయంత్రం బస్సెక్కి ఎవరి ఇంటికి వాళ్లు పోవలసిందే. ఒక స్టూడియో కడితే కళ నిలవదు. స్టూడియో పక్కన మరో స్టూడియో, వాటి పక్కన ఫోర్మన్‌కూ టైలరుకూ అందుబాటులో గది వుంటే నిలుస్తుంది.

ఉప్పల్, నాచారాలకు ఆ గది వుండేది. పారిశ్రామికవాడ వల్లనే వుండేది. ఈ సంగతి మన సాహిత్య చరిత్రలలో ఎక్కడా కనపడదు గనుక కాస్త వివరంగా చెప్పాలి. 1980లలో నేనొక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరి నాచారంలో గది తీసుకున్నాను. రేకుల కప్పు, ఉమ్మడి కుళాయి. అద్దె నా జీతంలో అయిదో వంతు. ఆ వరుసలో ఒక టర్నరు, ఒక ఫిట్టరు, ఇద్దరు ఉస్మానియా విద్యార్థులు, దూరదర్శన్‌లో నాటికలు దొరికినప్పుడు వేషాలు వేసే ఒకాయన, సైన్‌బోర్డులు రాసే ఒకతను వుండేవాళ్లం. షిఫ్టు దిగాక వచ్చే టర్నరుకు డ్రాయింగు చూడటం తెలుసు. చదువుకునే కుర్రాళ్ల దగ్గర పుస్తకాలున్నాయి. నాటికలాయనకు గొంతు వుంది. బోర్డుల మనిషి దగ్గర రంగులున్నాయి. మేడే నాటికకు ఇంకేం కావాలి? ఫ్యాక్టరీ కాంటీను ఆదివారం ఖాళీగా వుండేది, అక్కడే రిహార్సలు. తెర లేదు, టికెట్టు లేదు. ఆ నాటిక గొప్పదని నేననను. కానీ ఆ టర్నరు ఆ తర్వాత కథలు రాశాడు, రెండు మూడు అచ్చయ్యాయి. షిఫ్టుల ఫ్యాక్టరీలు, చవక గదులు, విశ్వవిద్యాలయం - మూడూ నడక దూరంలో వుండకపోతే ఆ కథలు వుండేవి కావు.

దీనికి సిద్ధాంతం కూడా వుంది. జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి 1961లోనే నగరాల మీద రాస్తూ కొత్త ఆలోచనలకు పాత కట్టడాలు కావాలని వాదించింది. కారణం సులువైనదే. కొత్త భవనం అప్పు మీద లేస్తుంది. ఆ అప్పు తీరాలంటే అద్దె ఎక్కువ వసూలు చేయాలి. అంత అద్దె కట్టగలిగేవాడు లాభం గ్యారంటీ వున్నవాడే. ప్రయోగం చేసేవాడికి లాభం గ్యారంటీ వుండదు; అది నాటకమైనా, కొత్తరకం కవాటమైనా. అందుచేత వాడికి అప్పు తీరిపోయిన పాత షెడ్డే గతి. న్యూయార్కులో సోహో అనే ప్రాంతం ఇందుకు నిదర్శనం. అక్కడ మూతపడిన ఫ్యాక్టరీ అంతస్తులలో చిత్రకారులు చేరారు. 1971లో నగరం చట్టం మార్చి కళాకారులు అక్కడ నివాసం వుండటాన్ని గుర్తించింది. కళాకారులున్నారన్న పేరు ఆ ప్రాంతానికి ధర తెచ్చింది. ఆ ధర కళాకారులను వెళ్లగొట్టింది. షరాన్ జూకిన్ 1982లో ఈ కథంతా పుస్తకంగా రాసింది. ఆకర్షణ సఫలమైనచోట నిలుపుదల విఫలమైంది.

మన దగ్గర ధర పెరగకముందే వెళ్లిపోయినవారున్నారు. ఉప్పల్ నుంచి అంబర్‌పేట మీదుగా పోతే విద్యానగర్ వస్తుంది. జగిత్యాల నుంచి వచ్చిన కవి, చిత్రకారుడు అలిశెట్టి ప్రభాకర్ అక్కడ ఫోటో స్టూడియో నడిపాడు. ఆంధ్రజ్యోతిలో 'సిటీ లైఫ్' పేరిట ఆయన రాసిన చిన్న కవితలు ఈ నగరపు ఎక్స్‌రే ఫోటోలు. నగరాన్ని అంత తక్కువ మాటల్లో అంత బాగా పట్టుకున్న కవి మరొకరు లేరు. 1993 జనవరిలో క్షయతో చనిపోయాడు. మందులున్న జబ్బు అది. ఆ వ్యాధి నిర్మూలన మీద సభలు జరిగే నగరంలో, పేరున్న కవి ఆ జబ్బుతో పోయాడు. నాచారంలో కార్మికుడికి ఇ.ఎస్.ఐ. చీటీ వుంటే ఆసుపత్రి వుంది; స్వంత స్టూడియో నడిపే కవికి ఏ చీటీ వుంటుంది? సృజనశీలురకు 'వాతావరణం' కావాలనేవారు ముందు ఈ చీటీ గురించి మాట్లాడితే బాగుంటుంది. అమెరికా ప్రభుత్వం 1935లో, మాంద్యం రోజులలో, నిరుద్యోగ రచయితలకు జీతాలిచ్చే పథకం పెట్టింది. రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎలిసన్ వంటి నల్లజాతి రచయితలు దాని జీతం తీసుకున్నవారే. సోషలిస్టు దేశం కాని అమెరికాయే చేసిన పని ఇది.

బోర్డులు రాసే మా పొరుగువాడి సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. అక్షరాన్ని గోడమీద కొలత లేకుండా సూటిగా దింపే చెయ్యి అతనిది. ఫ్లెక్సీలు వచ్చాక అతని పని రెండు మూడేళ్లలో పోయింది. యంత్రం రాకుండా ఆపాలని నా వాదం కాదు. కానీ అదే అక్షరపు చెయ్యికి అచ్చులో, డిజైనులో మళ్లీ శిక్షణ ఇచ్చే చోటు ఈ రెండు పారిశ్రామికవాడల మధ్య అతనికి దొరకలేదు. కొంతకాలం వాచ్‌మన్‌గా చేసి సొంతూరు వెళ్లిపోయాడు. అతని పేరు ఏ సృజన సూచీలోనూ తగ్గలేదు. ఎందుకంటే ఎన్నడూ ఎక్కలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక నగరం బరువంతా పడమరకు ఒరిగింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2019 నాటికి ఉప్పల్ మీదుగా పోయే బండి హైటెక్ సిటీ దాటి రాయదుర్గం చేరింది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ బండి పొద్దున తూర్పు నుంచి చదువుకున్న యువతను నింపుకుని పోతుంది, రాత్రికి అలసిన మనుషులను దింపుతుంది. నాచారానికి మెట్రో స్టేషను లేదు గనుక అక్కడివారికి దాని మీద ఆటో ఖర్చు అదనం. రోజుకు మూడు గంటలు దారిలో పోగొట్టుకునేవాడు కథ ఎప్పుడు రాస్తాడు? నివాసమొక చోట, పని మరొక చోట అయినప్పుడు బస్తీ నిద్రపోయే స్థలంగా మాత్రమే మిగులుతుంది. ఉప్పల్ భగాయత్‌లో చిన్న శిల్పారామం పెట్టారు. ఆదివారం పిల్లలతో వెళ్లటానికి బాగుంటుంది. అయితే చేతిపని అమ్మే చోటు వేరు, చేతిపనివాడు బతికే చోటు వేరు.

తూర్పుకూ ఐటీ రావాలన్న వుద్దేశంతో 2020లో ప్రభుత్వం 'గ్రిడ్' విధానం తెచ్చి, ఉప్పల్, నాచారం వైపు పారిశ్రామిక స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకునే వీలు కల్పించింది. ప్రభుత్వం మారింది. 2025 నవంబరులో మరింత విస్తృతమైన విధానం వచ్చింది: హైదరాబాదులోనూ చుట్టుపట్లా వున్న పారిశ్రామికవాడలలో తొమ్మిది వేల ఎకరాలకు పైగా భూమిని, రిజిస్ట్రేషను విలువలో కొంత శాతం రుసుము కట్టి, నివాసాలకు, వ్యాపారానికి, ఇతర వినియోగాలకు మార్చుకోవచ్చు. ఊరి మధ్య కాలుష్యం వుండకూడదన్నది చెబుతున్న కారణం. నాచారంలో వుండేవాడిగా రాత్రిపూట రసాయనాల వాసన ఎలా వుంటుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. విషం చిమ్మే ఫ్యాక్టరీ పోవలసిందే. కానీ విషం చిమ్మే ఫ్యాక్టరీ పక్కనే లేత్ షెడ్డు, అచ్చు మూసలు చేసే షెడ్డు, ప్రింటింగ్ ప్రెస్సు, సెట్టింగు సామాను నిలవచేసే గోదాము వున్నాయి. అవి విషం చిమ్మవు. వాటిలో చాలా భాగం అద్దెకు నడుస్తున్నవి. మార్పు వల్ల లాభం భూమి పట్టా వున్నవాడికి. షెడ్డు అద్దెకు తీసుకున్నవాడికి ఖాళీచేయమనే నోటీసు. ఒకప్పుడు పనికోసం ప్రజల నుంచి చవకగా సేకరించి ఇచ్చిన భూమి అది. ఇప్పుడు దాని ధరే పని అయిపోయింది.

జనాన్ని చెదరగొట్టే చట్టాలుంటాయని పైన అన్నది ఇందుకే. ఏ కవినీ ఎవరూ ఉప్పల్ విడిచి పొమ్మనరు. షెడ్డు పోతుంది, షెడ్డుతో టర్నరు పోతాడు, టర్నరుతో వరుస ఇళ్లు పోతాయి, అక్కడ లేచిన అపార్టుమెంటులో గది అద్దె విద్యార్థికి అందదు. ఆదివారం రిహార్సలుకు కాంటీను వుండదు. అప్పుడు నగర పాలకులు ఒక సంస్థను పిలిచి, మన ప్రాంతంలో సృజనాత్మక వాతావరణం ఎందుకు లేదో అధ్యయనం చేయమంటారు!

ఏం చేయవచ్చునంటే, చేయవలసినవి పెద్ద విషయాలేమీ కావు. మార్పిడికి వసూలు చేసే రుసుములో కొంత ఆ వాడలోనే ఖర్చుపెట్టాలని షరతు పెట్టవచ్చు. మారే ప్రతి స్థలంలోనూ కొంత భాగం చిన్న షెడ్లకు, రిహార్సలు గదులకు, కార్మికుల అద్దె ఇళ్లకు స్థిరమైన అద్దె మీద వుంచమనవచ్చు. పార్కింగుకు ఇంత స్థలం విడిచిపెట్టమని చెప్పే ప్రభుత్వం ఈ మాట చెప్పలేదా? షెడ్డులో వున్న అద్దెదారుకు ఖాళీచేయించే ముందు ప్రత్యామ్నాయం చూపాలని విధించవచ్చు. గ్రంథాలయ చట్టం 1960 నాటిది. ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇంటి నుంచీ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతూనే వుంది. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరటం లేదన్న ఫిర్యాదు మటుకు పాతదే. కొత్త పన్ను వేయకుండానే, వున్న పన్నును దాని చోటికి చేరిస్తే ఉప్పల్‌లో, నాచారంలో రాత్రి పదింటిదాకా తెరిచివుండే చదువుగది నడుస్తుంది.

పరిశోధనాలయాలకు కూడా ఒక మాట. సెప్టెంబరు 26, సి.ఎస్.ఐ.ఆర్. పుట్టినరోజున, ఈ సంస్థలు గేట్లు తెరిచి పిల్లలకు ప్రయోగశాలలు చూపిస్తాయి. బస్సులలో బడిపిల్లలు దిగి లోపలికి పోతుంటే చూడముచ్చటగా వుంటుంది. తమ ఉద్యోగులకు లోపల క్వార్టర్లు, గ్రంథాలయం, సభామందిరం వున్నాయి. ఆ సభామందిరాలను నెలకొక ఆదివారం చుట్టుపక్కల నాటక సమాజాలకు, రచయితల సంఘాలకు ఇస్తే పోయేదేముంది? ఒక చిత్రకారుడిని లోపలికి పిలిచిన సంప్రదాయం ఆ రోడ్డులోనే వుంది కదా. ఈ మేరకు ఆ సంస్థల డైరెక్టర్లకూ, పారిశ్రామికవాడల మార్పిడిలో అద్దెదారుల గురించి జిల్లా కలెక్టరుకూ వినతిపత్రాలు తయారుచేశాం. షెడ్డు అద్దెదారుల సంతకాలు నాచారంలో సగం వరకూ వచ్చాయి. ఉప్పల్ వైపు ఇంకా మొదలుపెట్టాలి. అక్కడ వున్న పాఠకులు ఏ ఆదివారమైనా మాతో రావచ్చు.